ఆముదం బుడ్డి

కాగితం మీద ఏడు వరుసలున్నయి.
ఎక్కడి మన్నుల దొరికిందో, ఎవరు కొన్నరో,
ఏ వేలంల ఎంతకు పోయిందో,
ఇప్పుడు ఏ దేశంల, ఏ అద్దాల పెట్టెల నిలబడ్డదో.
మూడో వరుసకాడ మాత్రం ఒక అడ్డగీత.
ముప్పై నాలుగు నుంచి డెబ్బై మూడు దాకా
వివరాలు లేవు.

నాగర్‌కర్నూల్ దవాఖానల
కాన్పుల వార్డు ముందటి బెంచీ మీద కూసొని
చదువుకున్న పిల్ల ఆ గీత మీద వేలు పెట్టి అడిగింది:
ఖుర్షీద్ డాక్టర్ ఇల్లు ఎక్కడుండెనమ్మా?
ఇల్లు లేదు. ఇప్పుడక్కడ ఎరువుల దుకాణం.
ఫోటో ఉంటే చూపియ్యమన్న.

చేతులున్న ట్రే పక్కన పెట్టిన.

జానెడు ఎత్తు. సన్న మెడ. ఒంటి చెవి.
వాన కడిగిన నేరేడు పండు నలుపు.
నలుపు నడుమ ఎర్రమన్ను రంగుల ఇద్దరాడోళ్లు,
ఒకామె కూసున్నది,
ఒకామె గంప పట్టుకొని నిలబడ్డది.
మూతి అంచున వడ్లగింజంత పెచ్చు.
ఆ పెచ్చు పోయిన నాడు నేనున్న,
తాడూరు బాటల, ఎడ్లబండిల, అవ్వ ఒళ్లె.

మా అవ్వ ఈదమ్మ మంత్రసాని.
డాక్టరు సముద్రం అవతలికి జంగుకు పోయినప్పుడు
కందకం తవ్వే సిపాయికి దొరికిందట,
రెండు సిగరెట్ డబ్బాలకు తీసుకున్నడట.
కాగితం మీద గంతవరకే ఉన్నది.
ఆయన భార్యకు బిడ్డ అడ్డం తిరిగిన రాత్రి లేదు.
ఊరందరికీ సూదులేసిన చెయ్యి
సొంత ఇంట్ల వణికిన సంగతి లేదు.
అవ్వ తల్లినీ పిల్లనూ దక్కించింది.
ఆయన పైసలు తీయబోతే
అల్మార దిక్కు చూపెట్టి, అది ఇయ్యుండ్రి, అన్నదట,
ధార సన్నగ పడతది.

నలభై ఏండ్లు పడ్డది.
చెల్క ఆముదాలు వేయించి, దంచి, కాగబెట్టి
పైకి తేలిన నూనె తేర్చి అందుల పోసేది.
పటేలు మనుమని మాడు, జీతగాని బిడ్డ మాడు,
సన్నటి ధార ఒక్కటే.
కాన్పు నాడు లోపలి అర్ర దాకా రమ్మన్న ఇండ్లే
పురుడు ఎల్లినంక
గడప బయటనే నిలబెట్టేటివి.
అవ్వ బుడ్డి కొంగున చుట్టుకొని వచ్చేసేది.

బొమ్మల కూసున్నామె నొప్పులు పడుతున్నది,
గంప పట్టింది నేనే, అనెటిది.
గంపల ఏమున్నదే అంటే
బొడ్డు కోసే కొడవలి, పాత చీర పీలికలు.

ఆ పిల్ల కాగితం తిప్పింది.
కూసున్నామె చనిపోయినామె అని రాసుంది.
నిలబడ్డామె గోరీకి దండలు తెచ్చిందట.
ఇసొంటి బుడ్లల్ల నూనె
సచ్చినోళ్ల కోసం పోసేదట.

చానాసేపు నాకు మాట రాలే.
అవ్వకు చెప్తే నవ్వేదేమో.
మొదటి తానమైనా ఆఖరి తానమైనా
నెత్తికి నూనె పెట్టేదే కదనే, అనేది.
ఏమో. ఏడ్చేదేమో కూడ.

డెబ్బై మూడుల కరువు.
చెల్కల ఆముదపు చెట్లు నిలువున ఎండినయి.
పాత సామాన్లకు స్టీలు గిన్నెలిచ్చేటాయన
సైకిల్ మీదొచ్చిండు.
అవ్వ కాన్పుకు పోయింది, ఊర్ల లేదు.
మా అమ్మ బుడ్డి ఇచ్చి టిఫిను డబ్బ తీసుకున్నది,
కొత్తది, మొఖం కనపడేది.
అవ్వ వచ్చి ఏమనలే.
మూత తీసింది, మూత పెట్టింది.
మర్నాడు మిగిలిన ఆముదం అందులనే పోసుకొని పోయింది.
ధార మందంగ పడి
పసిపిల్ల కండ్లల్లకు కారిందట.

ఆధారం ఏమన్న ఉన్నదా అమ్మా?
మర్యాదగనే అడిగింది ఆ పిల్ల.
ఏముంటది.
ఈ తాలూకల యాభై దాటినోళ్లను నిలబెట్టి
ఒక్కొక్కరి మాడు వాసన చూడమందునా?

లోపల ఎవరిదో బిడ్డ కెవ్వున ఏడ్చింది.
ట్రే అందుకుంట, రాసుకోమన్న, ఆ గీత మీదనే.
ఈదమ్మ.
రాసింది.
పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టింది.

పెట్టనీ.
దాని కింది చుక్క
నూనెబొట్టు తీరే ఉన్నది.